కశ్మీర్ చలిలో డీజిల్ పేరుకోకుండా: ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు

డీజిల్ చలికి పేరుకోకుండా ట్యాంకులో కలిపే మందును నేను ఎన్నో శీతాకాలాలుగా వాడుతున్నాను. మొదట మెకానికల్ పంపు ఉన్న పాత లారీలో వాడాను, ఇప్పుడు కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన బీఎస్-6 లారీలో వాడుతున్నాను. వేర్వేరు కంపెనీల సీసాలు మార్చి చూశాను. ఫిల్టరుకు హీటరు బిగించాను. లద్దాఖ్ వైపు వెళ్లినప్పుడు అక్కడ అమ్మే శీతాకాలపు డీజిల్ కొట్టించాను. కిరోసిన్ కలిపేవాళ్లను, ట్యాంకు కింద మంట పెట్టేవాళ్లను పక్కనే నిలబడి చూశాను. తీర్పు ముందే చెబుతాను. మందు పనిచేస్తుంది. అయితే ఏ కంపెనీది కొన్నాం అన్నదానికన్నా ఎక్కడ పోశాం, ఏ వేళకు పోశాం అన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది. జమ్ములో మధ్యాహ్నం పోసిన మామూలు మందు బండిని కాపాడుతుంది. కశ్మీర్ లోయ మొదట్లో ఉన్న ఖాజీగుండ్‌లో తెల్లవారుజామున, ఇంజిన్ ఆగిపోయాక పోసిన ఖరీదైన మందు కాపాడలేదు. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి ఉత్తరాదికి బండ్లు నడిపేవాళ్లకు ఈ సంగతి చేరాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర ఈ బాధ ఎవరికీ తెలియదు. చిత్తూరులో జనవరి రాత్రి కూడా పదిహేను డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. హార్స్‌లీ హిల్స్ మీద ఇంకొంచెం చలి, అంతే. ఇక్కడి షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసిన మెకానిక్కు కూడా పేరిన డీజిల్‌ను కళ్లతో చూసి ఉండడు. కానీ మన లారీలు మన జిల్లాలోనే తిరగవు కదా. మామిడి గుజ్జు డ్రమ్ములో, బెల్లమో ఎక్కించుకుని పీలేరు, రాయచోటి, కడప మీదుగా కర్నూలు చేరి, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే అది నాగ్‌పూర్, ఝాన్సీ, ఢిల్లీ, జమ్ము మీదుగా శ్రీనగర్ దాకా తీసుకుపోతుంది. తిరుగు లోడు ఆపిల్. కోత శరదృతువులోనే అయిపోయినా పుల్వామా జిల్లా లస్సీపోరాలో పెద్ద శీతల గిడ్డంగులు ఉన్నాయి. వాటిలో దాచిన కాయ చలికాలమంతా బయటికి వస్తూనే ఉంటుంది. కాబట్టి సరిగ్గా చలి ముదిరిన రోజుల్లోనే మన బండికి అక్కడ పని పడుతుంది.

అక్కడి చలి ఎలాంటిదో కొన్ని అంకెలు చెబుతాను. డిసెంబరు 21 నుంచి జనవరి నెలాఖరు వరకు ఉండే నలభై రోజులను కశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. ఏడాది మొత్తంలో అతి కఠినమైన చలి ఆ రోజుల్లోనే. 2021 జనవరిలో శ్రీనగర్‌లో మైనస్ 8.4 డిగ్రీలు నమోదైంది. 2024 డిసెంబరులో మైనస్ 8.5 దాకా దిగింది. పుల్వామా, షోపియాన్ వైపు అంతకన్నా తక్కువకు పడిపోయే రాత్రులూ ఉంటాయి.

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. వెచ్చగా ఉన్నంతసేపు అది కరిగి ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు. బాగా మండే గుణం కూడా ఆ మైనం వల్లే వస్తుంది, అందుకే దాన్ని శుద్ధి కర్మాగారంలో పూర్తిగా తీసేయరు. చల్లబడేకొద్దీ డీజిల్ మొదట మసకబారి తెల్లబడుతుంది. ఇంకా చల్లబడితే మైనం పలుకులు పెరిగి ఫిల్టరు కాగితంలో ఇరుక్కుంటాయి. మరీ చల్లబడితే చలికాలంలో గిన్నెలోని నెయ్యిలా మొత్తం పేరుకుంటుంది. లారీ ఆగిపోవడానికి ఈ చివరి దశ దాకా పోనక్కర్లేదు. ట్యాంకులో డీజిల్ ఇంకా కదులుతూనే ఉంటుంది, ఫిల్టరు మాత్రం మూసుకుపోతుంది. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూసి "డీజిల్ బాగానే ఉంది" అనుకునే డ్రైవర్లు మోసపోయేది ఇక్కడే.

మన దేశంలో డీజిల్‌కు ఐఎస్ 1460 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అమ్మే డీజిల్ ఫిల్టరును మూసేసే ఉష్ణోగ్రత 6 డిగ్రీలకు మించకూడదు. మిగతా నెలల్లో 18 డిగ్రీల దాకా ఉండవచ్చు. ఇవి గరిష్ఠ పరిమితులు. బంకులో మనకు పోసే డీజిల్ వీటికన్నా మెరుగ్గానే ఉండవచ్చు, కానీ ఎంత మెరుగో కొనేవాడికి తెలిసే దారి లేదు. 6 డిగ్రీల పరిమితికీ, మైనస్ 8 డిగ్రీల రాత్రికీ మధ్య ఉన్న దూరాన్ని మనమే పూడ్చుకోవాలి. ఇంకో సంగతి. అక్టోబరు చివర్లో నింపుకున్న డీజిల్ వేసవి పరిమితి కిందే వస్తుంది. నవంబరు మొదటి వారంలో కొండెక్కే బండికి ట్యాంకులో అదే ఉంటే, జనవరిలో వెళ్లే బండికన్నా దానికే ముప్పు ఎక్కువ.

ఇక మందు చేసే పని. మైనం పలుకులు పుట్టకుండా అది ఆపదు. పుట్టిన పలుకులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవి కాకుండా, ఫిల్టరు రంధ్రాల్లోంచి జారిపోయేంత సన్నగా ఉండేలా చూస్తుంది. అంటే పలుకు పుట్టే క్షణానికి మందు అక్కడ ఉండి తీరాలి. పెరిగి అల్లుకుపోయిన మైనాన్ని ఈ రకం మందు వెనక్కి కరిగించదు, దానికి వేడి కావాలి. ఈ తేడా తెలియకపోవడం వల్లే మందు మీద "దండగ ఖర్చు" అనే పేరు పడింది.

లస్సీపోరాలో లోడు కోసం ఆగిన రాత్రుల్లో నేను చేసే పరీక్ష ఒకటి ఉంది. ట్యాంకులో మందు పోయకముందు తీసి పెట్టుకున్న డీజిల్ ఒక గాజు సీసాలో, మందు కలిపిన తరవాతి డీజిల్ మరో సీసాలో పోసి, మూతలు బిగించి, రాత్రంతా బయట గాలిలో ఉంచుతాను. తెల్లారి చూస్తే రెండూ తెల్లగానే ఉంటాయి. మొదటిసారి అది చూసి మా క్లీనరు "అన్నా, రెండూ ఒకేలా ఉన్నాయి, మందు పనిచేయలేదు" అన్నాడు. చూపు వరకు అతని మాట నిజమే, మసకబారడాన్ని మందు ఆపదు. రెండిటినీ పలచని పాత పంచె గుడ్డ మీద వంచి చూపించాను. మందు లేనిది గుడ్డ మీద జిగురుగా కూర్చుండిపోయింది, కింద బొట్టుబొట్టుగా కారింది. మందు కలిపినది కొంచెం మందగించినా ధారగా దిగిపోయింది. ఆ తరవాత పేరిన సీసాలో రెండింతల మందు పోసి బాగా కుదిపాం. గుడ్డ మీద వంచితే ఏ మార్పూ లేదు. అదే సీసాను వేడినీళ్ల బకెట్‌లో కాసేపు ఉంచి, చల్లారాక మళ్లీ రాత్రి బయట పెడితే, మరునాడు చక్కగా దిగింది. మందు గుణం తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు. సీసా మీద రాసిన మాటలు నమ్మడం ఎందుకు, ఎవరైనా చేసి చూడవచ్చు.

ఈ పరీక్ష వల్ల ఇంకొకటి తెలిసింది. బంకు బంకుకూ డీజిల్‌లో తేడా గట్టిగా ఉంటుంది. జమ్ము వైపు కొన్న డీజిల్ కొన్నిసార్లు మందు లేకుండానే చాలావరకు తట్టుకుంది. దక్షిణాన నింపి, అదనపు ట్యాంకులో మిగిలి వచ్చిన డీజిల్ ఎప్పుడూ ముందే పేరుకుంది. అందుకే ధర తక్కువ ఉన్న రాష్ట్రంలో రెండు ట్యాంకులూ నిండా కొట్టించుకుని కొండెక్కే అలవాటు చలికాలంలో మానుకోవాలి. లీటరుకు మిగిలే రూపాయలు రోడ్డు పక్కన ఒక్క పూట ఆగితే పోతాయి.

నా పద్ధతి ఇది. పఠాన్‌కోట్ దాటేటప్పటికి ట్యాంకులో పావు వంతుకు మించి డీజిల్ లేకుండా లెక్క చూసుకుంటాను. లఖన్‌పూర్ దాటాక, జమ్ము దగ్గర మంచి రద్దీ ఉన్న బంకులో, మధ్యాహ్నం పూట ఆపుతాను. రద్దీ బంకు ఎందుకంటే అక్కడ సరుకు నిలవ ఉండదు. కొలిచిన మందును ముందుగా ట్యాంకులో పోస్తాను, ఆ తరవాత డీజిల్ నింపిస్తాను. పైపులోంచి పడే డీజిల్ వేగానికి మందు దానంతటదే కలిసిపోతుంది. డీజిల్ నింపాక పైన మందు పోస్తే అంత బాగా కలవదు. జమ్ములో అప్పుడు ఎండ ఉంటుంది, డీజిల్ వెచ్చగా ఉంటుంది, మైనం ఇంకా కరిగే ఉంటుంది. మందుకు సరైన స్థలం, సరైన వేళ అదే. అక్కడి నుంచి ఉధంపూర్, రాంబన్, బనిహాల్ సొరంగం దాటి ఖాజీగుండ్‌లో దిగేటప్పటికి డీజిల్ అంతా సమంగా కలిసి ఉంటుంది. మూడు వందల లీటర్ల ట్యాంకు ఉన్న బండికి జమ్ములో నింపిన డీజిల్ లోయలోకి వెళ్లి, లోడు ఎత్తుకుని, మళ్లీ జమ్ము దిగేదాకా సరిపోతుంది. లోయలో నింపుకోవాల్సిన అవసరమే రాదు. ఎక్కువ రోజులు చిక్కుకుని నింపుకోవాల్సి వస్తే, ఎన్ని లీటర్లు నింపితే అన్ని లీటర్లకు సరిపడా మందు మళ్లీ ముందుగానే పోస్తాను.

కొలత విషయంలో చాలామంది తొందరపడతారు. నేను వాడిన ఒక రకానికి నాలుగు వందల లీటర్లకు ఒక లీటరు మందు అని ఉంది, మరో చిక్కటి రకానికి వెయ్యి లీటర్లకు ఒకటి. అంటే మూడు వందల లీటర్ల ట్యాంకుకు మొదటిది 750 మిల్లీలీటర్లు, రెండోది 300 మిల్లీలీటర్లు. సీసా పరిమాణం చూసి ధర పోల్చకుండా, ట్యాంకుకు ఎంత పడుతుందో లెక్కవేసి పోల్చుకోండి. చిన్న సీసా ఖరీదెక్కువని వదిలేసిన మందు నిజానికి చవక పడిన సందర్భం నాకు ఉంది. ఎక్కువ పోస్తే ఎక్కువ కాపాడుతుందన్నది నిజం కాదు. చెప్పిన కొలత దాటాక పరీక్ష సీసాల్లో నాకు ఏ తేడా కనబడలేదు. తక్కువ పోస్తే మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది.

మందుకు ఉన్న లోపమూ చెప్పాలి. రాంబన్ దగ్గర కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేస్తే లారీలు రోజుల తరబడి నిలిచిపోతాయి. బండి కదలకుండా చలిలో ఉన్నప్పుడు సన్నటి మైనం పలుకులు కూడా మెల్లగా ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజిన్‌కు డీజిల్ లాగే గొట్టం ఉండేదీ ఆ అడుగునే. ఖాజీగుండ్ పార్కింగులో అలా ఆగిన తరవాత, మందు కలిపిన బండే అయినా, ఉదయం ఇంజిన్ బరువుగా నడిచింది. వేగం అందుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆగిపోలేదు, అది మందు చలవే. కానీ రెండు రాత్రులకు మించి ఆగాల్సి వస్తే రోజూ పగటి ఎండలో ఒకసారి ఇంజిన్ నడిపి, అది బాగా వేడెక్కేదాకా ఉంచడం అవసరం. ఇంజిన్ నుంచి ట్యాంకుకు తిరిగి వచ్చే డీజిల్ వెచ్చగా ఉంటుంది కాబట్టి అడుగు కదులుతుంది. రాత్రంతా ఇంజిన్ ఆపకుండా ఉంచే పద్ధతిని మాత్రం నేను సమర్థించను. డీజిల్ వృథా, బీఎస్-6 ఇంజిన్‌లో మసి పేరుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, అద్దాలు బిగించుకుని క్యాబిన్‌లో నిద్రపోయేవాళ్ల ప్రాణానికి ఆ పొగ ప్రమాదం.

పేరిన డీజిల్ లక్షణం తెలిసి ఉండాలి, లేకపోతే అనవసరంగా బ్యాటరీ, సెల్ఫ్ మోటారు అనుమానించి డబ్బు తగలేస్తారు. ఉదయం సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ మామూలుగానే అందుకుంటుంది, గొట్టాల్లో మిగిలిన డీజిల్ ఉంటుంది కనుక. ఒకటి రెండు నిమిషాలు నడిచి, యాక్సిలరేటర్ తొక్కితే ఊపు రాక, తడబడి ఆగిపోతుంది. మళ్లీ కొడితే కాసేపు అందుకుని మళ్లీ ఆగుతుంది. ఆ స్థితిలో పదే పదే సెల్ఫ్ కొట్టకూడదు, చలికి ముందే నీరసించిన బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది. ఫిల్టరు మీద గుడ్డ చుట్టి వేడినీళ్లు మెల్లగా పోస్తూ పోవాలి, వైర్ల జాయింట్ల మీద పడకుండా. పది పదిహేను నిమిషాల్లో మైనం కరిగి దారి ఇస్తుంది. ఇవ్వకపోతే కొత్త ఫిల్టరు వేసి, గొట్టాల్లో చేరిన గాలిని చేతిపంపుతో తీయాలి. బీఎస్-6 బండిలో కొత్త ఫిల్టరును బయటి డీజిల్‌తో నింపి బిగించకూడదు. ఆ డీజిల్‌లోని నలుసు నేరుగా ఇంజెక్టర్ల దాకా పోతుంది. ఓపికగా చేతిపంపే కొట్టాలి. కొండెక్కే ముందు అదనపు ఫిల్టర్లు ఒక జత క్యాబిన్‌లో ఉండాలి. నాకు మందు తరవాత అంత అవసరమైన వస్తువు ఇదే.

నీళ్ల సంగతి మరిచిపోతారు. మైనానికి సున్నా కిందికి దిగిన రాత్రి కావాలేమో కానీ, నీళ్లు సున్నా దగ్గరే గడ్డకడతాయి. డీజిల్‌లోంచి నీళ్లను వేరుచేసే వాటర్ సెపరేటర్ అడుగున చేరిన నీళ్లు మంచుముక్కయి గొట్టం మూసేస్తే ఏ మందూ ఏమీ చేయలేదు. జమ్ములోనే మర తిప్పి నీళ్లు వదిలేయాలి. లోయలో రాత్రి ఆగేటప్పుడు ట్యాంకు ఎంత నిండుగా ఉంటే లోపలి గాలిలోని తేమ అంత తక్కువ.

కిరోసిన్ గురించి అడిగేవాళ్లు చాలామంది. పాత డ్రైవర్లు అందరూ కలిపేవారు, అది పనిచేసేది కూడా. కిరోసిన్‌లో మైనం తక్కువ కాబట్టి డీజిల్ పేరుకునే ఉష్ణోగ్రత దిగుతుంది. కానీ కిరోసిన్‌కు జారుడు గుణం తక్కువ, డీజిల్‌తోనే తడిసి నడిచే పంపు అరిగిపోతుంది. మెకానికల్ పంపు కొంత ఓర్చుకుంటుంది. అత్యధిక ఒత్తిడితో నడిచే ఇప్పటి కామన్ రైల్ పంపు ఓర్చుకోదు. పైగా 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల్లో పది వంతులకు మించదు. కిరోసిన్‌లో గంధకం అంతకన్నా చాలా ఎక్కువ, అది సైలెన్సరులోని శుద్ధి పరికరాలను పాడుచేస్తుంది. రేషను నీలి కిరోసిన్ వాహనంలో పోయడం నేరం కూడా. కొత్త బండి ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దని నా గట్టి మాట. దారిలో చవకగా అమ్మే బయోడీజిల్ కూడా అంతే. పామాయిల్ నుంచి తీసినదైతే అది దాదాపు పదిహేను డిగ్రీల దగ్గరే మసకబారుతుంది. అంటే పంజాబ్ పొగమంచులోనే బండి ఆగిపోవచ్చు, కశ్మీర్ దాకా వెళ్లనక్కర్లేదు.

ట్యాంకు కింద కట్టెల మంట, స్టవ్వు, బ్లో ల్యాంపు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. డీజిల్ అంత తేలికగా అంటుకోదని ధైర్యం చెబుతారు. అక్కడ డీజిల్ ఒక్కటే ఉండదు కదా. చాసిస్ మీద గ్రీజు, రబ్బరు గొట్టాలు, బ్రేకు గాలి పైపులు, వైర్లు ఉంటాయి. అన్నీ మండేవే, కరిగేవే. అరగంట తొందర కోసం బండినీ, లోడునీ, పక్కన వరసగా నిలిచిన ఇతరుల బండ్లనూ పణంగా పెట్టడం నేను ఒప్పుకోను. ఎండ వచ్చేదాకా ఆగితే పోయేదేమీ లేదు.

ఫిల్టరు హీటరుకు నేను మంచి మార్కులే వేస్తాను. కొత్త లారీల్లో కొన్నిటికి కంపెనీ నుంచే వస్తుంది. పాత బండికి నేను 24 వోల్టుల హీటరు పట్టీ బయట నుంచి బిగించుకున్నాను, విడిగా రిలే, ఫ్యూజు పెట్టించి. తాళం తిప్పి రెండు మూడు నిమిషాలు ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. మందు వేసిన డీజిల్, దానికి తోడు హీటరు ఉంటే శ్రీనగర్ చలి వరకు ఉదయం ఇబ్బంది లేకుండా గడిచింది. హీటరు ఒక్కటే ఉంటే సరిపోదు, ఎందుకంటే అది ఫిల్టరును వేడి చేస్తుంది కానీ ట్యాంకునూ, ట్యాంకు నుంచి ఫిల్టరు దాకా ఉన్న గొట్టాన్నీ వేడి చేయదు. బ్యాటరీ మంచిది కాకపోతే హీటరు వాడకపోవడమే మేలు.

బీఎస్-6 బండ్లకు డెఫ్ ట్యాంకు ఒకటి ఉంది, దాని గురించి క్లుప్తంగా. డెఫ్ అంటే ఇంజిన్ పొగను శుద్ధి చేయడానికి వాడే ద్రావణం. డెఫ్‌లో యూరియా 32.5 శాతం, మిగతాది నీళ్లు. అది మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. శ్రీనగర్‌లో ఆ చలి అరుదు, లద్దాఖ్‌లోని ద్రాస్‌లో మామూలు. గడ్డకడితే వ్యాకోచిస్తుంది కాబట్టి అంచుదాకా నింపకూడదు. ఇంజిన్ నడిచాక దాని వేడితోనే కరుగుతుంది. డీజిల్ మందును పొరపాటున కూడా అందులో పోయకూడదు, వేడినీళ్లూ పోయకూడదు. చీకట్లో రెండు మూతలూ పక్కపక్కనే ఉంటాయి, క్లీనరుకు ముందే గట్టిగా చెప్పి ఉంచాలి.

లద్దాఖ్ సంగతి వేరు. అక్కడ మందు, హీటరు చాలవు. నవంబరు మొదట్లో, జోజిలా కనుమ మంచుకు మూతపడకముందు, కార్గిల్‌కు సరుకు చేర్చే లోడ్లు దొరుకుతాయి. కనుమ ఎత్తు మూడున్నర వేల మీటర్లు, దాటగానే ద్రాస్. నడి శీతాకాలంలో అక్కడ మైనస్ ముప్పై దాకా పోతుంది. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం శీతాకాలపు డీజిల్ తెచ్చింది. పానిపట్ శుద్ధి కర్మాగారంలో తయారైన ఆ డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారే గుణం కోల్పోదు. అంతకుముందు అక్కడివాళ్లు కిరోసిన్ కలుపుకుని నెట్టుకొచ్చేవారు. ఆ డీజిల్ కొట్టించిన మరునాటి ఉదయం ఇంజిన్ అందుకున్న తీరు చూశాక, అసలు మందు అదేనని నాకు అనిపించింది. ఏ సీసా మందూ దానికి సాటి రాదు. ఒక్కటే జాగ్రత్త: ట్యాంకులో మామూలు డీజిల్ ఎంత మిగిలి ఉంటే ఆ రక్షణ అంత తగ్గిపోతుంది. అలాగని ట్యాంకు ఖాళీ చేసుకుని జోజిలా ఎక్కడం ప్రమాదం, అక్కడ ట్రాఫిక్ ఎప్పుడు ఎన్ని గంటలు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. సోనామార్గ్ చేరకముందే మందు పడిన డీజిల్‌తో, అవసరానికి కొంత మిగులుతో ఎక్కి, అవతల శీతాకాలపు డీజిల్‌తో నింపుకోవడం నాకు సరిపోయింది.

ఎవరికి అవసరం లేదో కూడా చెప్పాలి. తిరుపతి నుంచి అమర్‌నాథ్ యాత్రకు, లద్దాఖ్ విహారానికి వెళ్లే ట్రావెల్స్ బండ్లు వెళ్లేది వేసవిలో, వానాకాలంలో. వాళ్లు ఈ మందు కొనడం దండగ. డిసెంబరు, జనవరిల్లో మనాలీ, గుల్మార్గ్ మంచు చూడటానికి డీజిల్ కారులో వెళ్లే కుటుంబాలకు మాత్రం అవసరమే. చిన్న ట్యాంకు కాబట్టి ఖర్చు స్వల్పం. కొండ కింద ఆఖరి పెద్ద పట్నంలో మందు పోసి, ఆ తరవాత నింపుకుంటే చాలు. ఢిల్లీకి మించి పైకి వెళ్లని లారీలకు కూడా నా అనుభవంలో అవసరం పడలేదు.

కొనేటప్పుడు సీసా మీద ఏముందో చదవండి. ఇంజెక్టర్లు శుభ్రం చేసే మందులు, సీటేన్ (డీజిల్ మండే గుణం) పెంచే మందులు అవే దుకాణాల్లో, అలాంటి సీసాల్లోనే ఉంటాయి, అవి డీజిల్ పేరుకోకుండా ఆపవు. ఎన్ని డిగ్రీల దాకా పనిచేస్తుందో, ఎన్ని లీటర్లకు ఎంత కలపాలో రెండూ రాసి ఉన్న సీసానే తీసుకోండి. రాసిన డిగ్రీలు మాత్రం ఏదో ఒక డీజిల్‌తో పరీక్షించి చెప్పినవి, మన ట్యాంకులోని దానికి అంతే వర్తిస్తుందని హామీ లేదు. రాసినదానికన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువ చలి వరకే అది పనిచేస్తుందని నేను లెక్క వేసుకుంటాను. చిత్తూరు దుకాణాల్లో అడిగినప్పుడల్లా దొరకలేదు, ఆన్‌లైన్‌లో ముందే తెప్పించుకుంటున్నాను. కొండ మీద సీసాను బయటి పెట్టెలో పెట్టకండి, మందు కూడా చలికి చిక్కబడి సరిగా కలవదు. క్యాబిన్‌లో నిలబెట్టి, మూత బిగించి ఉంచండి. మిగిలినదాన్ని ఇంటికి తెచ్చి ఎండ తగలని చోట పెడతాను. మళ్లీ వాడేముందు బాగా కుదిపి, గాజు గ్లాసులో కొంచెం పోసి చూస్తాను. అడుగున ముద్దలు కనిపిస్తే ఆ సీసా వాడను.